జంటగా బైక్ మీద దేశాలు దాటడం: అపోహలు - వాస్తవాలు

మేమిద్దరం బైక్ మీద దేశాలు తిరుగుతామని తెలిస్తే నల్గొండలో చాలామంది మా ఆయన్ని "బండి ఎంత సీసీ?" అని అడుగుతారు. నన్నేమో "వెనక కూర్చుంటే నడుం పట్టెయ్యదా?" అంటారు. ఇప్పుడు మా జిల్లా నుంచి, పాలమూరు నుంచి కొత్త జంటలు బయల్దేరుతున్నాయి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

అపోహ: వెనక కూర్చునేవాళ్లకు పనేమీ ఉండదు.

అన్నిటికంటే ముందు పోవాల్సిన అపోహ ఇదే. మలుపులో బండి ఎటు వంగితే మనమూ అటే వంగాలి. భయపడి రెండోవైపు ఒరిగితే బండి లైన్ తప్పి రోడ్డు అంచుకు పోతుంది. కుడి మలుపైతే నడిపేవారి కుడి భుజం మీదుగా రోడ్డు చూడండి, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. బ్రేక్ పడ్డప్పుడు వాళ్ల వీపు మీద పడిపోకుండా గ్రాబ్ రైల్ (సీటు వెనక ఉండే పట్టుకునే కడ్డీ) పట్టుకోవాలి. నడిపే మనిషికి తను అలిసిపోయిన సంగతి చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది. గేరు మార్చినప్పుడల్లా నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కు తగలడం మొదలైందంటే ఇద్దరం డీలాపడ్డట్టే. అప్పుడు నేను ఆపమంటే ఆపాల్సిందే, అది మా మధ్య ఒప్పందం.

బండిని కూడా ఇద్దరి కోసం సెట్ చేయించాలి. సామానుతో ఇద్దరు ఎక్కితే వెనక భాగం కుంగి, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, హ్యాండిల్ తేలికైపోతుంది. వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) పెంచాలి. చైన్ ప్లే (చైన్ వదులు) ఖాళీ బండి మీద సరిపోయినట్టున్నా, ఇద్దరూ కూర్చోగానే బిగిసిపోవచ్చు. మెకానిక్ దగ్గర ఇద్దరూ ఎక్కి కూర్చుని చూపించండి. తర్వాత ఫుల్ లోడుతో నల్లమలలో మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఘాట్‌లో ఒకసారి వెళ్లి రండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవి రోడ్డు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.

అపోహ: పెద్ద బండి లేకపోతే కుదరదు.

సామానుతో సహా పడిపోయిన బండిని ఇద్దరూ కలిసి లేపగలగాలి. నా లెక్కలో అదే అసలు పరీక్ష. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల 411 సీసీ హిమాలయన్ బండి దాదాపు 200 కిలోలు, దానికి సామాను పెట్టెలు కలిస్తే ఎంతవుతుందో ఊహించండి. ప్రయాణం మొదలుపెట్టకముందే బండిని గ్రౌండ్‌లో పడుకోబెట్టి లేపి చూడండి.

అపోహ: పాస్‌పోర్టు, వీసా ఉంటే చాలు.

మనకు వీసా ఎలాగో బండికి కార్నెట్ అలాగ; సుంకం కట్టకుండా బండిని కొంతకాలం ఓ దేశంలోకి తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పుస్తకం అది. ఇరాన్, ఈజిప్టు, ఆస్ట్రేలియా వంటి చోట్ల అది లేకుండా బండి లోపలికి రానివ్వరు. మన దేశంలో ఆటోమొబైల్ సంఘాలు ఇస్తాయి, అందుకు డిపాజిట్ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ పెట్టాలి. ప్రతి పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్క, బయటికొచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుంటారు, పై ముక్క మీద రెండుసార్లూ ముద్ర వేస్తారు. బయటికొచ్చిన ముద్ర లేకపోతే బండి అక్కడే అమ్ముకున్నట్టు లెక్కగట్టి సుంకం అడుగుతారు. అందుకే ముద్ర చూసుకోకుండా బార్డర్ నుంచి కదలకండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. చైనాలో మాత్రం అది పనికిరాదు. మన ఇన్సూరెన్స్ కూడా మామూలుగా బార్డర్ దాటితే పనిచేయదు, ఆయా దేశాల్లో కొత్తగా కట్టాలి.

అపోహ: ఇంటి నుంచి లండన్ దాకా బండి మీదే పోవచ్చు.

పడమట పాకిస్తాన్, తూర్పున మయన్మార్. ఈ రెండు దారులూ మనకు సులువుగా దొరకవు. ఎక్కువమంది బండిని చెక్కపెట్టెలో కట్టి ఓడలోనో విమానంలోనో పంపుతారు. పెట్రోల్ తీసేయాలి, బ్యాటరీ కనెక్షన్ విప్పాలి. ముందు చక్రం విప్పితే పెట్టె చిన్నదై చార్జీ తగ్గుతుంది. అమెరికా ఖండాల్లోనూ పనామా, కొలంబియా మధ్య దాదాపు 100 కిలోమీటర్లు రోడ్డే లేదు.

అపోహ: ఎన్‌హెచ్ 44 మీద రోజుకు 500 కిలోమీటర్లు పోయాం, బయటి దేశాల్లోనూ అంతే.

తజికిస్తాన్‌లో పామిర్ హైవే 4,655 మీటర్ల ఎత్తు దాకా ఎక్కుతుంది, చాలాచోట్ల కంకరే. ఆ ప్రాంతానికి వీసా కాక వేరే పర్మిట్ కూడా కావాలి. రోజుకు 200 దాటితే గొప్ప.

అపోహ: ఆడమనిషితో అలాంటి దేశాలకు వెళ్లకూడదు.

నా అనుభవంలో ఇద్దరం కలిసి వెళ్తేనే ఇళ్ల తలుపులు ఎక్కువ తెరుచుకున్నాయి. నన్ను వంటింట్లోకి పిలిచినవాళ్లు ఎందరో. పద్ధతులు మాత్రం తెలుసుకుని వెళ్లాలి. ఉజ్బెకిస్తాన్‌లో రొట్టెను తలకిందులుగా పెట్టకూడదు, మనింట్లో అన్నం తొక్కనట్టే. ఇరాన్‌లో ఆడవాళ్లు తల కప్పుకోవాలన్నది చట్టం. హెల్మెట్ తీయగానే అందేలా చున్నీని ట్యాంక్ బ్యాగ్ (పెట్రోల్ ట్యాంకు మీద పెట్టే సంచి) పై జేబులోనే పెట్టుకోండి.