పైకి కనపడని వైరు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇళ్ల వైరింగ్ పనులు చేస్తుంటాను. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లూ, పాత ఇంటికి ఫాల్స్ సీలింగ్ పెట్టించుకునేవాళ్లూ పిలిచిన ప్రతిచోటా ఒక మాట వింటాను. "వైర్లన్నీ కనపడకుండా లోపలికి పెట్టేయండి, మళ్లీ వాటి జోలికి పోయే పని ఉండకూడదు." మొదటి సగం న్యాయమైన కోరికే. టీవీ వెనక వేలాడే తీగలు ఎవరికీ నచ్చవు, పాకే పిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా. రెండో సగం దగ్గరే నాకు పేచీ. లోపలికి పోయిన వైరు జోలికి ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సి వస్తుంది. అందుకు దారి వదలని పని ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను.

అపోహ: లోపల వైర్లు కలిపిన జాయింటు ఎక్కడ వేడెక్కినా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పడిపోతుంది, భయం లేదు.

వాస్తవం: పడదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఎంసీబీ రెండే చూస్తుంది. లైన్లో కరెంటు దాని రేటింగు దాటి చాలాసేపు పోతోందా, లేక షార్ట్ అయి ఒక్కసారిగా ఎగిరిందా. వదులు జాయింటులో ఈ రెండూ ఉండవు. లెక్క వేసి చూడండి. ఏసీ 10 ఆంపియర్లు లాగుతోంది, సరిగ్గా బిగించని జాయింటు దగ్గర 0.2 ఓమ్‌ల నిరోధం వచ్చింది అనుకుందాం. 10ని 10తో హెచ్చించి, 0.2తో గుణిస్తే 20 వాట్లు. రేడియో మెకానిక్ దగ్గర ఉండే సోల్డరింగ్ ఐరన్ దాదాపు 25 వాట్లు. అంటే మీ సీలింగ్ లోపల రాత్రంతా ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్‌లో ఉన్నట్టే. 20 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అదే 10 ఆంపియర్లు కనిపిస్తాయి. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) కూడా పడదు, ఎందుకంటే ఫేజులో పోయిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది, ఎర్త్‌కి లీకు లేదు. జాయింటు వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడ్డకొద్దీ నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. పాత ఇళ్లలో అల్యూమినియం వైరుకి కొత్త రాగి వైరు మెలిపెట్టి కలిపితే ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఈ జాయింట్లు ఎలా పుడతాయో కూడా చెప్పాలి. ఇంటీరియర్ పని మధ్యలో ఏసీ ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి మారుతుంది. వైరు రెండడుగులు చాలదు. ముక్క కలిపి, మెలిపెట్టి, టేపు చుట్టి పైకి తోస్తారు. మర్నాడు జిప్సం బోర్డు బిగించేస్తారు. ఆ టేపు జిగురు వేడికి సడలి ఊడిపోతుంది. మన వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 ఉద్దేశం కూడా ఇదే. కనెక్షన్లన్నీ విప్పి చూసుకునే వీలున్నచోటే ఉండాలి. అంటే మూత తీయగలిగే జంక్షన్ బాక్సులోనో, స్విచ్ బోర్డులోనో, సరైన కనెక్టరుతో. ప్లాస్టరింగ్ లోపల, సీలింగ్ పైన గాలిలో జాయింటు ఉండనే కూడదు. వైరు చాలకపోతే పాతది లాగేసి స్విచ్ బోర్డు నుంచి కొత్తది లాగాలి. ఖర్చు ఎక్కువేమీ కాదు, కాస్త ఓపిక కావాలి.

ఒక ఇంట్లో పెద్దావిడ రోజూ రాత్రి హాల్లో నీచువాసన వస్తోందని చెబుతూనే ఉన్నారు. ఆ ఇంట్లో చేపలు వండరు. పైన ఎలుక చచ్చిందని ఒకరు, ముసలితనం వల్ల అలా అనిపిస్తోందని ఒకరు ఆవిడ మాట తీసిపారేశారు. స్విచ్చులు, వైర్ల ప్లాస్టిక్ మాడినప్పుడు వచ్చే వాసన చాలాసార్లు అలాగే ఉంటుంది. "ఏ వేళకి వస్తుందమ్మా?" అని అడిగితే "ఏసీ వేసిన గంటకి నాయనా" అన్నారు. ఆ మాటతోనే సగం పని అయిపోయింది. పక్కనున్న డౌన్‌లైట్ ఊడదీసి చెయ్యి పెడితే కరిగి అతుక్కుపోయిన టేపు, దాని కింద నల్లబడ్డ జిప్సం బోర్డు. వాళ్లబ్బాయి "మరి ఎంసీబీ పడలేదు కదండీ" అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ మాత్రం చీర కొంగు పట్టుకుని "ఇల్లంతా పగలగొట్టాలా?" అన్నారు.

అక్కర్లేదు. ఇలా భయపడుతున్నవాళ్లందరికీ ఇదే చెబుతాను. ముందు ఎక్కువ కరెంటు లాగే లైన్లు చూసుకోండి: ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్. అవి గంటసేపు నడిచాక ప్లగ్గు, స్విచ్ బోర్డు ముఖం వేడిగా ఉన్నాయా, రంగు మారిందా, వాసన వస్తోందా చూడండి. ఏ అనుమానం ఉన్నా వాడకం ఆపి, మెయిన్ ఆఫ్ చేయించి, డౌన్‌లైట్ రంధ్రాల్లోంచి, ఫ్యాన్ బాక్సుల్లోంచి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా ఇళ్లలో సీలింగ్ కొయ్యకుండానే దొరుకుతుంది.

ఎఫ్ఆర్ వైరు వేయించాం, అది కాలదు అంటారు కొందరు. ఎఫ్ఆర్ అంటే మంటను త్వరగా పాకనివ్వని వైరు, అంతే. మామూలు పీవీసీ ఇన్సులేషన్ తట్టుకునేది 70 డిగ్రీల దాకా. 1.5 స్క్వేర్ ఎంఎం సన్న వైరు మీద గీజరు వేస్తే ఎఫ్ఆర్ అయినా రక్షించదు. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీ గీజర్లకి 4, ఇళ్లలో మేం వాడేది ఇలా.

పైపు లేకుండా వైరుని గాడిలో పెట్టి నేరుగా సిమెంటు పూసేసే పని ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. "వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉంది కదా, మళ్లీ పైపెందుకు?" అంటారు. దానికి జవాబు 2024 సెప్టెంబరులో మా ఊళ్లో బుడమేరు వాగు వరద చెప్పింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక జనం ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. చీకట్లో, బురదలో, పిల్లలతో ఎన్నాళ్లుంటారు? కానీ "మెయిన్ వేసేయండి, ఆ వేడికి లోపలి తడి అదే ఆరిపోతుంది" అని చెప్పి తిరిగినవాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. గోడ పైకి పొడిగా కనిపిస్తుంది. లోపల కిందికి వంగిన పైపులో నీళ్లు పోయే దారి లేక అలాగే నిలుస్తాయి, మెటల్ బాక్సులో బురద ఉంటుంది. అప్పుడు మెయిన్ వేస్తే తడి గోడకే కరెంటు రావచ్చు. పైపులున్న ఇళ్లలో వైర్లు బయటికి లాగి, పైపుల్లో గాలి కొట్టి, మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు మార్చి, సామాన్లన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి, ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రతి లైనూ పరీక్షించి, ఆ తర్వాతే కరెంటు ఇచ్చాం. పైపు లేని ఇళ్లలో లాగడానికేముంది? అంతా వదిలేసి గోడ మీద కొత్తగా కేసింగ్ క్యాపింగ్ (వైర్లు పెట్టి మూత వేసే పట్టీ) వేయాల్సి వచ్చింది. ఇల్లు పోయినంత బాధలో ఉన్నవాళ్లకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో పక్కన నిలబడితే తెలుస్తుంది.

అన్నట్టు, కేసింగ్ క్యాపింగ్ అంటే చిన్నచూపు వద్దు. గోడ మీద వరస తప్పకుండా వేసిన పట్టీ చూడ్డానికి బాగానే ఉంటుంది, మూత తీస్తే లోపలంతా కనిపిస్తుంది. అద్దె ఇళ్లకి, పాత ఇటుక గోడలకి నేను ముందు చెప్పేది అదే.

నీళ్ల పైపుల సంగతి. కనపడకపోతే ఎక్కడుందో ఊహించి డ్రిల్ చేయొచ్చు అనుకోకండి. స్లాబులోంచి వచ్చే వైరు పైపు సాధారణంగా స్విచ్ బోర్డుకి నిలువుగా దిగుతుంది, కుళాయికి వచ్చే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు నిలువుగానో అడ్డంగానో ఉంటుంది. కాబట్టి బోర్డుకి, కుళాయికి సూటిగా పైనా కిందా పక్కనా మేకు కొట్టకూడదు. కానీ తొందరలో ఐమూలగా గాడి కొట్టినవాళ్లూ ఉన్నారు. ప్లాస్టరింగ్‌కి ముందే గోడ పక్కన కొలత టేపు పరిచి ప్రతి గదీ ఫోన్లో ఫొటో తీసుకోండి. ప్లంబరు చేత పైపులకి ప్రెషర్ టెస్ట్ కూడా ఆ దశలోనే చేయించాలి, టైల్స్ అంటించాక కాదు. ఇంకో మాట, నీళ్ల పైపుకి ఎర్త్ వైరు కట్టే పాత అలవాటు మానేయండి. ఇనప పైపుల కాలంలో ఏదో నడిచింది. ఇప్పుడున్నది ప్లాస్టిక్, దానికి కడితే ఎర్త్ లేనట్టే.

మిగతావి గబగబా. ఇంటర్నెట్ కేబులు కరెంటు పైపులోంచే లాగేయొచ్చు అనేది తప్పు, దానికి వేరే పైపు ఉండాలి. ఫైబర్‌కి కరెంటు వల్ల సిగ్నల్ చెడదు, నిజమే. కానీ రేపు దాన్ని బాగుచేయడానికి వచ్చే కుర్రాడు 230 వోల్టుల వైర్ల మధ్య చెయ్యి పెట్టాల్సి వస్తుంది. వైరు చుట్ట చుట్టి పెడితే బిల్లు పెరుగుతుందనేది ఉత్తమాట. అయితే చుట్ట విప్పని ఎక్స్‌టెన్షన్ రీలు మీద హీటరో, ఐరన్ బాక్సో వేస్తే వేడి బయటికి పోక తొడుగు మెత్తబడుతుంది, అది మాత్రం నిజం, పూర్తిగా విప్పి వాడండి. టీవీ యూనిట్ వెనక అడాప్టర్లని గుడ్డలో చుట్టి, డబ్బాలో కుక్కి మూత పెట్టొద్దు, గాలి ఆడాలి. ప్లాస్టిక్ ట్యాగులు మరీ బిగించి వైరు నొక్కేయొద్దు. సీలింగ్ మూసే ముందు మాత్రం ఒక్కరోజు ఆగి, జాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మేస్త్రీని నిలబెట్టి చూపించమనండి. మూత తీసే వీలు లేనిచోట ఒక్కటి ఉన్నా జిప్సం బోర్డు బిగించనివ్వకండి.