ప్రసార సమయం ఎవరి చేతిలో? ఎడ్వర్డ్ మర్రో వృత్తి జీవితం

వార్తల టైము కోసేసి వినోదానికి, ప్రకటనలకు ఇస్తున్నారని టీవీ జర్నలిస్టులు బాధపడినప్పుడల్లా ఎడ్వర్డ్ ఆర్. మర్రో పేరు వస్తుంది. ఆయన కాలమే వేరని తలుచుకుంటారు. నిజానికి ఆ కాలంలోనూ టైము ఆయన చేతిలో లేదు. అమెరికాలోని సీబీఎస్ అనే రేడియో, టీవీ ప్రసార సంస్థలో ఆయన పాతికేళ్ల ప్రయాణమంతా ఈ పెనుగులాటే.

1935లో చేరినప్పుడు మర్రో విలేకరి కాదు. రేడియోలో ప్రసంగాలు ఇప్పించడం ఆయన పని. 1937లో లండన్ పంపిందీ వక్తల్ని కుదర్చడానికే. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. సహోద్యోగి విలియం షైరర్ వియన్నాలోనే ఉన్నా అక్కడి స్టేషన్ నుంచి మాట్లాడనివ్వలేదు. దాంతో షైరర్ లండన్ వెళ్లి వార్త చెప్పాడు, మర్రో విమానం అద్దెకు తీసుకుని వియన్నా చేరాడు. మార్చి 13న లండన్, పారిస్, బెర్లిన్, వియన్నాల నుంచి ఒకే కార్యక్రమంలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఇప్పుడు ప్రతి చానల్ చేసే 'లైవ్'కి ఒరవడి పెట్టింది ఆ ప్రసారమే.

ఇక 1940, యుద్ధకాలపు లండన్. ఆగస్టులో ఒక రాత్రి, ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర సైరన్ మోగుతోంది. మర్రో మైకును కిందికి దించి పేవ్‌మెంట్ మీద పెట్టాడు. షెల్టర్‌కు వెళుతున్న జనం అడుగుల చప్పుడు సముద్రం అవతల వినపడింది. పరుగులు కావవి, మామూలు నడక. లండన్ జనం ధైర్యం గురించి ఎన్ని మాటలు చెప్పినా అంత బాగా తెలిసేది కాదు. బాంబులు పడుతుంటే మేడ మీద నుంచి లైవ్ చెప్తానంటే మొదట అధికారులు ఒప్పుకోలేదు. రికార్డు చేసి వినిపించి, పట్టుబట్టి అనుమతి తెచ్చుకున్నాడు. 'దిస్' అన్నాక క్షణం ఆగి 'ఈజ్ లండన్' అనడం ఆయన గుర్తు అయిపోయింది. ఆ విరామం సలహా ఇచ్చింది కాలేజీలో ఆయనకు ప్రసంగకళ నేర్పిన టీచర్ ఐడా లూ ఆండర్సన్.

టీవీకి ఆయన ఇష్టంగా రాలేదు. 1951లో నిర్మాత ఫ్రెడ్ ఫ్రెండ్లీతో కలిసి 'సీ ఇట్ నౌ' మొదలుపెట్టాడు. స్పాన్సర్ అల్కోవా అనే అల్యూమినియం కంపెనీ. కమ్యూనిస్టుల వేట పేరుతో ఎందరి ఉద్యోగాలనో ఊడగొట్టిన సెనేటర్ మెకార్తీ మీద 1954 మార్చి 9న కార్యక్రమం చేశారు. మెకార్తీ మాటల్నే ఆయన గొంతుతో చూపించి, పక్కన వాస్తవాలు పెట్టారు. సీబీఎస్ టైమిచ్చింది కానీ ప్రచారానికి పైసా ఇవ్వలేదు. పత్రికా ప్రకటనకు మర్రో, ఫ్రెండ్లీ సొంత డబ్బు పెట్టుకున్నారు. డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో మెకార్తీ ప్రవర్తనను ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ ఘనతంతా మర్రోకే కట్టబెట్టడం సరికాదు. పత్రికల వాళ్లు అంతకుముందు నుంచే రాస్తున్నారు, సైన్యంతో మెకార్తీ గొడవపై విచారణను జనం టీవీలో చూశారు. అయినా భయం గడ్డకట్టిన ఆ రోజుల్లో అరగంట అలా నిలబడటం చిన్న విషయం కాదు.

1955లో అల్కోవా తప్పుకుంది. క్విజ్ షోలు డబ్బు కురిపిస్తుంటే మర్రో కార్యక్రమం వారం వారం రావడం ఆగిపోయి, 1958లో మూతపడింది. ఆ అక్టోబరులో షికాగోలో ప్రసార జర్నలిస్టుల ముందు ఆయన కడుపులో ఉన్నదంతా చెప్పేశాడు. మంచికి వాడకపోతే టీవీ తీగలు, దీపాలు ఉన్న పెట్టె మాత్రమే అన్నాడు. యాజమాన్యంతో సంబంధం ఇక అతకలేదు.

1960 నవంబరులో వలస వ్యవసాయ కూలీల దుస్థితి మీద డాక్యుమెంటరీ చేశాడు. మరుసటి ఏడాది కెనెడీ ప్రభుత్వంలో సమాచార సంస్థ అధిపతి అయ్యాడు. బీబీసీ ఆ డాక్యుమెంటరీని చూపించబోతుంటే, దేశం పరువు పోతుందని, వద్దని తనే అడిగాడు. ఆయనంటే గౌరవమున్న వాళ్లకు ఇప్పటికీ మనసు చివుక్కుమనే చోటిది. బీబీసీ ఆ మాట వినలేదు. ప్రసారం చేసింది.