మహిళల టెన్నిస్ జోస్యం: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి భీమవరం బరిలో వారం, నక్షత్రం, పుంజు రంగు చూసి కాసేవాళ్లను నవ్వేవాళ్లే, టెన్నిస్‌కొచ్చేసరికి ర్యాంకు ఒక్కటీ చూసి కాసేస్తారు. అదీ నమ్మకమే, కాకపోతే అంకెల్లో ఉంటుంది.

అపోహ: పై ర్యాంకు అమ్మాయే గెలుస్తుంది.
ర్యాంకు గడిచిన 52 వారాల పాయింట్ల పోగు, ఇవాళ్టి ఆట కాదు. గాయంతో ఆరు నెలలు ఆగితే ర్యాంకు దిగిపోతుంది, ఆట దిగక్కర్లేదు. 2021 యూఎస్ ఓపెన్ గెలిచిన ఎమ్మా రాదుకాను అప్పటి ర్యాంకు 150. ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అన్నదాన్ని బట్టి పెరిగి తరిగే అంకె ఎలో రేటింగ్. క్లే, గడ్డి, హార్డ్ కోర్టులకు విడివిడిగా కడితే అది ర్యాంకు కంటే నయం. అందులో 200 పాయింట్ల తేడా ఉంటే గెలుపు అవకాశం 76 శాతం. అంటే దాదాపు నాలుగు మ్యాచుల్లో ఒకటి పోతుంది.

అపోహ: ఆడవాళ్ల ఆటకు నిలకడ లేదు.
తేడా సెట్ల సంఖ్యలో ఉంది. ఒక్కో సెట్ గెలిచే అవకాశం 70 శాతమున్న క్రీడాకారిణికి మూడు సెట్ల మ్యాచ్‌లో 78 శాతం వస్తుంది. అదే ఐదు సెట్లయితే 84. గ్రాండ్‌స్లామ్‌లలో మగవాళ్లు ఆడేది ఐదు సెట్లు.

అపోహ: 1.25 రేటంటే పక్కా.
రేటు 1.25 అంటే రూపాయి కాసి గెలిస్తే, కాసిన రూపాయితో కలిపి రూపాయి పావలా చేతికొస్తుంది. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. 1ని 1.25తో భాగిస్తే 80 శాతం. అవతలి అమ్మాయి రేటు 4.00, అంటే 25 శాతం. కలిపితే 105. పైన మిగిలిన ఆ 5 బుకీ వాటా. అది తీసేస్తే అసలు అవకాశం 76. ఇలాంటి వంద మ్యాచ్‌ల మీద తలా వెయ్యి కాస్తే 76 గెలుపులకు వచ్చేది 19,000, 24 ఓటములకు పోయేది 24,000. విజేతను నూటికి 76 సార్లు సరిగ్గా చెప్పినా 5,000 చేతిచమురు! నాలుగు 'పక్కా' మ్యాచ్‌లు కలిపి ఒకే పందెం కడితే ఇంకా ఘోరం: నాలుగూ గెలిచే అవకాశం 33 శాతమే, ఇచ్చే రేటుకు గిట్టాలంటే 41 కావాలి.

అపోహ: ముఖాముఖి 4-0 ఉంది, ఇంకేం చూడాలి?
ఏ కోర్టులో, ఏ ఏడాది అన్నది చూడాలి. కోర్టు ముద్ర కూడా శాశ్వతం కాదు. క్లే రాణి అనిపించుకున్న ఇగా ష్వియాంటెక్ 2025 వింబుల్డన్ ఫైనల్‌ను గడ్డి మీద 6-0, 6-0తో ముగించింది.

అపోహ: టెలిగ్రామ్ గురువు వరసగా ఐదు చెప్పాడు.
1,024 మందిలో సగానికి ఒక పేరు, సగానికి రెండో పేరు పంపుతాడు. తప్పు వెళ్లినవాళ్లను వదిలేసి మళ్లీ సగం చేస్తాడు. ఐదో మ్యాచ్ తర్వాత 32 మందికి అతను దేవుడు. 'ఫిక్స్‌డ్ మ్యాచ్' ఫీజు అడిగేది వాళ్లనే.

అపోహ: లైవ్ చూస్తూ కాస్తే తెలిసిపోతుంది.
అమలాపురంలో ఫోన్ తెర మీద సర్వీసు పడేసరికి కోర్టులో ఆ పాయింటు అయిపోయి ఉంటుంది. అంపైర్ నొక్కిన స్కోరు బుకీకి ముందే చేరుతుంది.

అపోహ: యాప్ ఉందంటే చట్టం ఒప్పుకున్నట్టే.
ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

జోస్యం మీద సరదా ఉంటే రూపాయి కట్టకుండానే పరీక్షించుకోవచ్చు. మ్యాచ్‌కు ముందు ఫేవరెట్‌కు మీరిచ్చే గెలుపు అవకాశం రాయండి, 76 శాతమైతే 0.76 అని. ఆమె గెలిస్తే 1, ఓడితే 0. ఆ అంకెకూ మీరు రాసినదానికీ తేడాను వర్గం చేయండి. 0.76 రాస్తే, గెలిచినప్పుడు 0.06, ఓడినప్పుడు 0.58 పడుతుంది. సగటు ఎంత తక్కువైతే జోస్యం అంత మేలు. అన్నింటికీ కళ్లు మూసుకుని 0.50 రాసినా సగటు 0.25 వస్తుంది. వంద మ్యాచ్‌ల తర్వాత మీ సగటును బుకీ రేట్ల నుంచి వాటా తీసేసి కట్టిన సగటు పక్కన పెట్టి చూడండి.