బైపాస్‌గా వేశారు, ఊరి రోడ్డయింది: హైదరాబాద్ ఔటర్ కథ

2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. 650 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క దెబ్బకు 2,000 దాటిపోయింది. అంతకు ముందు ఏడాది చెరువుల కబ్జాల మీదికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థను దించినప్పుడు కూడా దాని పరిధిని ఔటర్ దాకానే గీశారు. రియల్ ఎస్టేట్ బ్రోకర్లయితే ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. ప్లాటు గురించి అడిగితే ముందు వచ్చే మాట ‘ఔటర్ లోపలా, బయటా?’ అనే. నగరంతో సంబంధం లేని బండ్లను నగరం బయటి నుంచే పంపేయడానికి వేసిన రోడ్డు, చివరికి ఆ నగరానికే ప్రహరీగోడ అయి కూర్చుంది. పొద్దునా సాయంత్రం ఆఫీసుకెళ్లే దారీ అయింది. అసలు పేచీ మొదలయ్యేది ఈ రెండో పాత్రతోనే.

హైదరాబాద్ మ్యాపు చూస్తే ఔటర్ అవసరం ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ముంబై రోడ్డు పటాన్‌చెరు నుంచి, నాగపూర్ రోడ్డు మేడ్చల్ నుంచి, వరంగల్ రోడ్డు ఘట్‌కేసర్ నుంచి, విజయవాడ రోడ్డు పెద్ద అంబర్‌పేట నుంచి, బెంగళూరు రోడ్డు శంషాబాద్ నుంచి వచ్చి ఊళ్లోనే కలిసేవి. పాత నంబర్లలో 7, 9, 202 జాతీయ రహదారులు, ఇప్పటి 44, 65, 163. షోలాపూర్ నుంచి విజయవాడ పోయే లారీకి హైదరాబాద్‌లో ఏ పనీ లేకపోయినా ఊరంతా దాటాల్సిందే. పగలు భారీ వాహనాలకు లోపలికి అనుమతి లేదు కాబట్టి పొలిమేరల్లో బండి పక్కకు పెట్టి చీకటి పడేదాకా కూర్చోవాలి. ఇన్నర్ రింగ్ రోడ్డు ఉంది కదా అంటే, మెహదీపట్నం, ఎల్‌బీ నగర్, ఉప్పల్ మీదుగా పోయే ఆ వలయాన్ని ఊరు ఎప్పుడో మింగేసింది. సిగ్నళ్లు, సిటీ బస్సులు, కూరగాయల బండ్లు అన్నీ దాని మీదే.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005లో హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అనే సంస్థను పెట్టి పని మొదలుపెట్టింది. సంస్థ పేరులోనే గ్రోత్ కారిడార్ ఉందన్నది గమనించాలి. రోడ్డుకు అటూ ఇటూ ఒక్కో కిలోమీటరు మేర ప్రత్యేక అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించారు. అంటే ఒకవైపు ఊరిని తప్పించుకుని పోవడానికి రోడ్డు వేస్తూనే, రెండోవైపు ఊరిని ఆ రోడ్డు దగ్గరికి రమ్మని పిలిచారు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. తర్వాత వచ్చిన తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా అభిప్రాయం. 2006లో కోకాపేటలో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా గోల్డెన్ మైల్ పేరుతో భూములు వేలం వేసింది, ఔటర్ మొదటి ముక్క తెరవడానికి రెండేళ్ల ముందే! అదే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది.

భూసేకరణ అప్పుడు గొడవలు గట్టిగానే జరిగాయి. అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఎటు పోవాలో గీసిన గీత, పెద్దల భూములను తప్పించుకుంటూ చిన్న రైతుల పొలాల మీదికి వంకర తిరిగిందని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ అనే మాట తెలంగాణ పల్లెల్లో మామూలు మాట అయిపోయింది. ఎకరం, రెండెకరాల రైతు కూడా సర్వే నంబరు చెప్పి మరీ ఆ మాట వాడతాడు.

రోడ్డు మొత్తం 158 కిలోమీటర్లు. ప్రధాన రోడ్డు ఎనిమిది వరుసలు, అటు నాలుగు, ఇటు నాలుగు. దాని పక్కనే సర్వీసు రోడ్లు. డబ్బు మూడు దారుల్లో తెచ్చారు. మొదటి దశను హుడా చూసుకుంది. రెండో దశలో కొంత భాగాన్ని యాన్యుటీ పద్ధతిలో, అంటే ముందు వాళ్లు పెట్టుబడి పెడితే తర్వాత వాయిదాల్లో చెల్లించేలా, ప్రైవేటు సంస్థలతో కట్టించారు. పటాన్‌చెరు నుంచి మేడ్చల్, శామీర్‌పేట మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా, అంటే ఉత్తరం, తూర్పు వైపు భాగానికి జపాన్ సంస్థ జైకా రుణం ఇచ్చింది.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది నవంబర్ 14న, నెహ్రూ పుట్టినరోజు నాడు, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 22 కిలోమీటర్ల ముక్కను ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర్ రెడ్డి తెరిచారు. రోడ్డుకు నెహ్రూ పేరే పెట్టారు. ఇక్కడ కాసేపు ఆగాలి. బైపాస్ అవసరం లారీలది అయితే, ముందుగా తెరవాల్సింది రెండు జాతీయ రహదారులను కలిపే ముక్క. తెరిచింది మాత్రం ఐటీ ఆఫీసుల నుంచి విమానాశ్రయానికి వెళ్లే ముక్క. ఔటర్ తన పుట్టుకలోనే లారీ డ్రైవర్‌ది కాదు, క్యాబ్ డ్రైవర్‌ది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక, పాత నగరం వైపు వాళ్లకూ విమానాశ్రయానికి ఇంకో దారి దొరికింది.

మిగతా భాగాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చిట్టచివరిది మేడ్చల్ దగ్గరి కండ్లకోయ జంక్షన్. నాగపూర్ హైవే మీద ఉన్న ఈ కొద్దిపాటి ముక్క కోసం వలయం ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోయి, 2018 మేలో గానీ పూర్తి కాలేదు. అప్పటిదాకా చుట్టూ తిరిగొచ్చిన బండి అక్కడ దిగి, సర్వీసు రోడ్డు పట్టుకుని మళ్లీ ఎక్కాల్సి వచ్చేది.

ఎగ్జిట్ల నంబర్లు గుర్తుంచుకుంటే దారి తెలిసిపోతుంది. ఒకటి కోకాపేట, మూడు పటాన్‌చెరు, ఆరు మేడ్చల్, ఏడు శామీర్‌పేట, తొమ్మిది ఘట్‌కేసర్, పదకొండు పెద్ద అంబర్‌పేట, పదహారు శంషాబాద్, పంతొమ్మిది నానక్‌రామ్‌గూడ. గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. విజయవాడ నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చే బస్సుల్లో కొన్ని తెల్లారేసరికి పదకొండు దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలి, బీహెచ్‌ఈఎల్ వైపు వెళ్తాయి. కూకట్‌పల్లిలో ఇల్లున్నవాడు ఎల్‌బీ నగర్‌లో దిగి సిటీ మొత్తం ఈదాల్సిన పని తప్పింది. బైపాస్‌గా ఔటర్ నిజంగా చేసిన మేలు ఏదైనా ఉందంటే లారీలతో పాటు ఈ బస్సులకే.

ఇక రోజూ తిరిగేవాళ్ల సంగతి. రోడ్డు డిజైన్ దూరప్రయాణానికి చేసింది. కిలోమీటర్ల కొద్దీ ఎక్కడా దిగే దారి ఉండదు, సిగ్నల్ ఉండదు, టూవీలర్లకూ నడిచేవాళ్లకూ ప్రవేశం లేదు. టోల్ కూడా దానికి తగ్గట్టే: మధ్యలో గేట్లుండవు, ఎక్కిన చోట నమోదై, దిగిన చోట దూరాన్ని బట్టి పడుతుంది. రెండొందల కిలోమీటర్లు పోయేవాడికి ఇది హాయి. తెల్లాపూర్, కొల్లూరు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు పోయేవాడికి మాత్రం రోడ్డు మీద గడిపేది కొద్ది నిమిషాలు, దిగే ర్యాంపు మీద క్యూలో గడిపేది అంతకంటే ఎక్కువ. పొద్దున తొమ్మిది దాటాక నానక్‌రామ్‌గూడ దగ్గర చూడండి. ఎడమ లేనులో కార్లు బంపర్‌కు బంపర్ ఆనించి నిలబడి ఉంటాయి. వాటి పక్క లేనులో శంషాబాద్ నుంచి వచ్చే బండి వందకు తగ్గకుండా దూసుకుపోతుంటుంది. చివరి క్షణంలో క్యూ ముందుకు దూరదామని కుడి నుంచి ఎడమకు కోసుకొచ్చేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. హైవే వేగం, గల్లీ తొందర ఒకే చోట కలిస్తే వచ్చే టెన్షన్ అది.

రద్దీ పెరిగేకొద్దీ ఎగ్జిట్లు పెంచుకుంటూ పోయారు. 2023లో నార్సింగి దగ్గర కొత్త ఇంటర్‌ఛేంజ్ వచ్చింది, కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌కు ఇంకోటి. ఒక్కో కొత్త దారి దగ్గరి అపార్టుమెంట్లకు ఊరట, మొత్తం రోడ్డుకు మాత్రం ఇంకో చోట బ్రేకు.

వేగం విషయంలోనూ ఇదే ఊగిసలాట. ప్రమాదాలు పెరిగాక గరిష్ఠ వేగాన్ని 100కు తగ్గించారు, 2023లో మళ్లీ 120 చేశారు. డివైడర్ పక్కనున్న రెండు లేన్లలో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లు, ఎడమవైపు రెండింటిలో 40 నుంచి 80. కాగితం మీద బాగానే ఉంది. ఔటర్ మీద ఘోరమైన ప్రమాదాల్లో తరచూ కనిపించేది మాత్రం, రాత్రిపూట రోడ్డు పక్కన ఆపి ఉంచిన లారీని వెనక నుంచి కారు ఢీకొట్టడం. చాలా ఏళ్లు లైట్లు గచ్చిబౌలి–శంషాబాద్ భాగంలోనే ఉండేవి. మొత్తం వలయానికి ఎల్‌ఈడీ వెలుగు వచ్చింది 2021 డిసెంబర్‌లో.

సర్వీసు రోడ్డుది ఇంకో రకం కథ. టోల్ ఇష్టం లేనివాళ్లు, బైకుల వాళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ దాని మీదే. హిమాయత్‌సాగర్ జలాశయం గేట్లు ఎత్తినప్పుడల్లా నీళ్లు పారి, రాజేంద్రనగర్ వైపు సర్వీసు రోడ్డును పోలీసులు మూసేస్తారు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడాలని 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111 జీవో ఇచ్చిన ప్రభుత్వమే, పదేళ్లు తిరక్కుండా ఆ చెరువు పక్క నుంచి ఎనిమిది వరుసల రోడ్డు గీసింది మరి.

2023లో కథ మరో మలుపు తిరిగింది. అప్పటి బీఆర్‌ఎస్ ప్రభుత్వం ఔటర్ టోల్ వసూలు, నిర్వహణ రెండింటినీ 30 ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు ఇచ్చి, ముందుగానే 7,380 కోట్ల రూపాయలు తీసుకుంది. కారుచౌకగా ఇచ్చేశారని అప్పట్లో పీసీసీ అధ్యక్షుడిగా ఉన్న రేవంత్ రెడ్డి విమర్శించారు. ముఖ్యమంత్రి అయ్యాక దీనిపై సిట్ విచారణ ప్రకటించారు. ధర ఎక్కువా తక్కువా అన్నదాని మీదే అందరూ కొట్టుకున్నారు గానీ, ఇంకో ప్రశ్న పెద్దగా చర్చకు రాలేదు. ఊరు ఔటర్ దాకా వచ్చేసింది కదా, రేపు ఊళ్లోవాళ్లకు కొన్ని ఎగ్జిట్ల మధ్య టోల్ తీసేయాలన్నా, ఒక లేను బస్సులకే ఇవ్వాలన్నా ఎవరిని అడగాలి? ముందు లీజు తీసుకున్న కంపెనీతో లెక్క తేల్చుకోవాలి.

ఇప్పుడు ఔటర్‌కు ఆవల మరో వలయం గీస్తున్నారు. ప్రాంతీయ రింగ్ రోడ్డు, ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా, తర్వాత దక్షిణ భాగం. కారణంగా చెబుతున్నది మళ్లీ అదే: హైదరాబాద్‌తో పని లేని బండ్లు బయటి నుంచే పోవాలి. భూములు పోయే ఊళ్లలో రైతులు అడుగుతున్నదీ మళ్లీ అదే అలైన్‌మెంట్ ప్రశ్న. వెంచర్ల బోర్డులు రోడ్డు కంటే ముందే లేచాయి. ఆ వలయం పూర్తయి దూరం పోయే లారీలు అటు మళ్లాయే అనుకుందాం, ఔటర్ మీద మిగిలేది ఎక్కువగా ఊరి బండ్లే. వాటి టోల్ 2053 దాకా ఐఆర్‌బీకే.