ఒకే గోడ, ముప్పై బొమ్మలు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

క్లాడ్ మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు రువాన్ పట్టణంలోని పాత చర్చిని దాదాపు ముప్పైసార్లు చిత్రించాడని చదివి, మొన్న ఫోనులో చిన్నది, "మొదటిసారి సరిగ్గా రాలేదా తాతయ్యా?" అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

నాయనమ్మ పెరట్లో కట్టిన దండెం మీకు తెలుసు. పొద్దున దాని మీద నీలం చీర ఉంటుంది, మధ్యాహ్నం తెల్ల పంచె, సాయంత్రం పసుపు తువ్వాలు. దండెం మాత్రం అదే. మోనేకు ఆ చర్చి ముందుగోడ దండెం, దాని మీది వెలుగు బట్ట. మబ్బు పట్టగానే నాయనమ్మ బట్టలు లాక్కుని లోపలికి పరుగెత్తినట్టే, వెలుగు మారగానే ఆయన చేతిలోని కాన్వాసు పక్కన పెట్టి, ఆ వేళకు తగినది మరొకటి అందుకునేవాడు. మర్నాడు అదే వేళకు మొదటిదాన్ని మళ్ళీ తీసేవాడు. 1892లోనూ 1893లోనూ చర్చికి ఎదురుగా ఉన్న ఇళ్ళ పైగదుల్లోంచి ఇలా పనిచేశాడు. వాటిలో ఒకటి ఆడవాళ్ళ బట్టల దుకాణంలోది, కనుక నా దండెం మరీ దూరపు పోలికేమీ కాదు.

అయితే ఆ బొమ్మలను దగ్గరగా చూస్తే ఈ పోలిక తెగిపోతుంది. రంగును పొర మీద పొరగా ఎంత మందంగా పట్టించాడంటే, అది పెచ్చులు కట్టిన పాత గోడలా గరుకుగా ఉంటుంది. నాలుగడుగులు వెనక్కి వస్తే గాని ద్వారం కనబడదు. వందల ఏళ్ళపాటు కట్టిన రాయీ, నిమిషాల్లో జారిపోయే ఎండా ఒకే ముద్దయ్యాయి. ఆ పని ఆయనను ఎంత పీడించిందంటే, చర్చి నీలంగానో గులాబీగానో పసుపుగానో తన మీద కూలిపడుతున్నట్టు కలగన్నాడట. తరువాత జీవెర్నీలోని ఇంట్లో వాటిని దిద్దుకుని, 1895లో పారిస్‌లో ఇరవై ప్రదర్శించాడు.

నా చిన్నతనంలో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కూర్చుని ఒక స్తంభం నీడ గీయబోయాను. 1163 నాటి స్తంభం కదలలేదు గాని నీడ జరిగింది. చెరిపి గీశాను, మళ్ళీ జరిగింది. కాగితం చిరిగేదాకా చెరిపాను తప్ప ఇంకో కాగితం తీసుకోవాలని తోచలేదు.

రేపు ఎదురింటి గోడను పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, దీపాలు పెట్టే ముందు చూడండి. సున్నం వేసినది కదా, తెల్లదేనని ముందే అనుకోకండి. మూడు కాగితాలు తీసుకువెళ్ళండి, రబ్బరు వద్దు.