వెస్లీ పెరిగిన ఇల్లు

పిల్లలూ,

మెదక్ చర్చి చూసొచ్చి "వెస్లియన్ మిషన్ అంటారు కదా, ఆ వెస్లీ ఎవరు తాతయ్యా?" అని అడిగారు. 1924లో ప్రారంభమైన ఆ చర్చిని కట్టించిన పోస్నెట్ దొర, జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టు అనే క్రైస్తవ శాఖవారే. వెస్లీ పేరు వింటే నాకు ముందు ఆయన పెరిగిన ఇల్లు గుర్తొస్తుంది. అది ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో ఉంది.

అలాంటి ఇంటిని రెక్టరీ అంటారు. ఊరి చర్చి పాదిరీగారికి ఉద్యోగంతో పాటు వచ్చే ఇల్లు. ఆయన సొంతం కాదు, కానీ ఆ రోజుల్లో పాడైతే బాగుచేయించే బాధ్యత మాత్రం ఆయనదే.

పాత ఇంటి వివరాలు 1607 నాటి లెక్కల్లో ఉన్నాయి. గోడలకు కర్ర చట్రం, దానిమీద పూత, పైన గడ్డి కప్పు. మూడు అంతస్తులు, ఏడు పెద్ద గదులు. నిప్పుకు ఇంతకంటే ఏం కావాలి? 1709 ఫిబ్రవరి 9 రాత్రి అంటుకుంది. అందరూ బయటపడ్డారు, ఐదేళ్ల జాన్ తప్ప. మెట్లు మండిపోతున్నాయి. పిల్లాడు కిటికీ దగ్గరున్న పెట్టె ఎక్కి నిలబడ్డాడు. నిచ్చెన తెచ్చే టైము లేదు. ఒకాయన గోడకు ఆనుకుని నిలబడితే, ఇంకొకాయన ఆయన భుజాలెక్కి పిల్లాణ్ణి లాగేశాడు. ఇద్దరు మనుషుల ఎత్తుకు పైగది కిటికీ అందిందంటే ఆ అంతస్తులు ఎంత పొట్టివో చూడండి! మరుక్షణమే కప్పు కూలింది. లోపలివైపు కూలబట్టి కిందున్నవాళ్లు బతికారు.

ఆ ఊరి పాదిరీ అయిన తండ్రి శామ్యూల్ ఈసారి ఇటుకతో కట్టించారు. ఇప్పుడు మనం చూసేది ఆ ఇల్లే. ఇంగ్లండును క్వీన్ ఆన్ అనే రాణి ఏలిన కాలపు పద్ధతి: ఎర్ర ఇటుక గోడలు, వరుసగా కిటికీలు, పెంకు కప్పు, దాని కింద అటక. నగిషీలేమీ లేవు, నాకు అదే నచ్చుతుంది. ఖర్చు సుమారు 400 పౌండ్లు. అంతకుముందే, 1705లో, అప్పు తీర్చలేక జైలుకెళ్లొచ్చిన మనిషి ఆయన! ఏళ్లు గడిచినా ఇంట్లో సగం సామాను కూడా అమరలేదట. 1716లో అటకమీద ఏవో చప్పుళ్లు వినబడితే పిల్లలు ఆ దయ్యానికి జెఫ్రీ అని పేరుపెట్టారు.

నాకైతే వంటిల్లే ముఖ్యం. శామ్యూల్ లండన్‌లో ఉన్నప్పుడు తల్లి సుసానా ఆదివారం సాయంత్రాలు అక్కడ పిల్లలకు ప్రసంగాలు చదివి వినిపించేది. ఇరుగుపొరుగు చేరుతూ చేరుతూ 200 మందయ్యారు. ఆడమనిషి ఇలా చేయడమేంటని గొడవ రేగి, ఆపమని భర్త ఉత్తరం రాశారు. ఆమె బెదరలేదు. ఊరికే మీ ఇష్టం చెప్పకండి, ఆపాలంటే సూటిగా ఆజ్ఞాపించండి, అని జవాబు రాసింది.

1954లో మెథడిస్టులు ఆ ఇల్లు కొని మ్యూజియం చేశారు. ఎప్పుడైనా ఇంగ్లండు వెళ్తే ముందు ఆ వంటిల్లు చూడండి.

మీ తాతయ్య