బొమ్మ ఒకరిది, గొంతు మనది

చెన్నై సాలిగ్రామంలో ఓ అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఒక డబ్బింగ్ థియేటరు ఉంది. థియేటరంటే పెద్దగా ఊహించుకోకండి. గోడలకి మందపాటి గుడ్డ, ఒక మైకు, ఎదురుగా తెర, అద్దానికి అవతల కంప్యూటరు ముందు ఇంజినీరు, అంతే. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి ఒక జపాను కార్టూనుకి తెలుగు చెప్పిస్తున్నారు. చెప్పిస్తున్నాయనకి డెబ్బై దాటాయి. తెనాలి దగ్గర పల్లె నుంచి మద్రాసు వచ్చి కొన్నాళ్లు సినిమాల్లో అసిస్టెంటుగా చేశారు. తర్వాత ప్రభుత్వ శాఖలకి డాక్యుమెంటరీలు తీశారు, పిల్లల కోసం టీవీ కార్యక్రమాలు తీశారు. ఇప్పుడు ఇది. పేరు రాయొద్దన్నారు.

"డైరెక్టరు గారూ" అని పిలిస్తే నవ్వారు. "ఏం డైరెక్షను బాబూ! బొమ్మ ఎవరో తీసేశారు. నేను డైరెక్టు చేసేది నోరొక్కటే."

ప్రభుత్వ డాక్యుమెంటరీలు తీయడానికి 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్‌నీ, పిల్లల సినిమాల కోసం 1955లో పుట్టిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీనీ కేంద్రం జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేయాలని 2020లో నిర్ణయించి, 2022లో ఆ పని మొదలుపెట్టింది. అప్పటి నుంచీ పిల్లల సినిమాలు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు ఇక ఏ గడప తొక్కాలి అన్న మాట వినపడుతూనే ఉంది. న్యాయమైన ప్రశ్నే. చెన్నైలో ఉన్న తెలుగువాడు మాత్రం దాన్ని ఇంకొంచెం వెనక్కి జరిపి అడగాలి. పిల్లలకి తెలుగులో బొమ్మ తీసేవాడికంటూ ఒక గడప ఎప్పుడుంది?

బొమ్మ అక్కర్లేని రోజుల్లో మాత్రం ఉంది. మద్రాసు రేడియో 1938 జూన్ 16న మొదలైంది. అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమాన్ని న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు చేతిలోకి తీసుకున్నారు. ఊరంతటికీ వాళ్లు రేడియో అన్నయ్య, అక్కయ్య. పిల్లలకి నీతులు చెప్పడం కాక పిల్లల చేతే చెప్పించడం, పాడించడం, ఆడించడం వాళ్ల పద్ధతి. ఇవాళ మనం పిల్లల టీవీ డైరెక్టరు అనే పని అచ్చంగా అదే, కెమెరా ఒక్కటే లేదు. 1945లో అదే మద్రాసు నుంచి 'బాల' పత్రిక కూడా తెచ్చారు. పద్నాలుగేళ్ల ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండేళ్లకి, 1947 జూలైలో, 'చందమామ' వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన పత్రిక, తర్వాత మూడు దశాబ్దాల దాకా కొడవటిగంటి కుటుంబరావు చేతి వాటం. మద్రాసు వడపళనిలో తెలుగులో తయారైన కథలూ, చిత్ర, వపా, శంకర్ అనే చిత్రకారులు వేసిన బొమ్మలూ డజనుకి అటూ ఇటూగా భాషల్లోకి వెళ్లేవి. ఒరియా పిల్లాడికైనా మరాఠీ పిల్లాడికైనా బొమ్మ మద్రాసుది, మాట మాత్రం వాళ్లది. అంటే ఒకప్పుడు మనం బొమ్మ పంపేవైపు ఉన్నాం. ఈ ఊళ్లో ఆ వరస తలకిందులైంది సినిమా హాల్లో, టీవీలో.

హాల్లో ముందుగా. అసలు సినిమాకి ముందు ప్రభుత్వం ఒప్పుకున్న రీలు వేసి తీరాలని లైసెన్సు షరతు ఉండేది. దానికి అద్దెగా వారం వసూళ్లలో 1 శాతం ఫిల్మ్స్ డివిజన్‌కి కట్టాలి. ఆ రీళ్లు తీసేది బొంబాయిలో. తెలుగు వ్యాఖ్యానం పైన అతికేది. మా నాన్న తరం వాళ్లకి డాక్యుమెంటరీ అంటే ఆనకట్ట మీద గంభీరంగా మాట్లాడే ఒక గొంతు, బీడీ ముగించుకుని లోపలికి రావడానికి దొరికిన పది నిమిషాలు. నిజానికి వాటిలో మంచివి చాలా ఉన్నాయి. కానీ తెలుగువాడికి అందులో దొరికిన పని ఎక్కువగా చదవడమే.

టీవీ వచ్చేసరికి కథ ఇంకా చిత్రంగా తిరిగింది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. కోళ్ల గూటికి కట్టే వలలాంటి జల్లెడతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద బడి వరండాలో ఒక టీవీ పెట్టె. పొద్దుటి పూట గంటన్నర ప్రసారం పూర్తిగా 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకే. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ, ఒక్కో భాషకి 22న్నర నిమిషాలు. దేశంలో పిల్లల టీవీకి అంత వాటా ఇచ్చిన రోజులు మళ్లీ రాలేదని నా లెక్క.

ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు శబ్దాలు పంపగలిగేది. కర్నూలు వైపు పల్లెలో తెలుగు, రాయచూరు వైపు పల్లెలో కన్నడం, ఎదురుగా ఒకటే బొమ్మ పెట్టొచ్చు. వినడానికి పొదుపైన ఏర్పాటే. తీసేవాడి వైపు నుంచి చూడండి. రెండు గొంతులకీ కుదరాలంటే మనిషి మొహం దగ్గరగా పెట్టి మాట్లాడించకూడదు, పెదవులు పట్టిస్తాయి. చేతులు చూపించాలి, గ్లాసులో నీళ్లు చూపించాలి, అద్దం మీద పడ్డ ఎండ చూపించాలి, మాట పైనుంచి రావాలి. పిల్లల సైన్సు పాఠాలు ఇస్రో వాళ్లు బొంబాయిలో తయారుచేశారు. తెలుగు, కన్నడ కార్యక్రమాల కేంద్రం హైదరాబాదు.

సరిగ్గా అదే నెల 15న మద్రాసు దూరదర్శన్ మొదలైంది. తమిళనాడు రాజధాని స్టేషను, తమిళం మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. చిక్కల్లా ఇక్కడే పడింది. 1975 నాటికి తెలుగు సినిమా చాలావరకు ఇంకా మద్రాసులో స్టూడియోలుండే కోడంబాక్కం చుట్టూనే ఉంది. కెమెరామన్లు, ఎడిటర్లు, ట్రిక్కు పనివాళ్లు, బాలనటులు, అందరూ ఇక్కడే. తెలుగులో పిల్లలకి టీవీ తీయించే కేంద్రం మాత్రం హైదరాబాదులో. పనిముట్లు ఒక ఊళ్లో, పని ఇంకో ఊళ్లో. సొంతంగా స్టేషను పెడదామంటే 'చందమామ' పెట్టినట్టు పెట్టడానికి కుదరదు. టీవీ అప్పట్లో ప్రభుత్వానిదే. నాగిరెడ్డిగారి లాంటి స్టూడియో యజమాని ఎంత ముచ్చటపడ్డా చేయగలిగిందేమీ లేదు.

సాలిగ్రామం పెద్దాయన ఆ రోజుల్లోనే సినిమా వదిలి ఇటు వచ్చారు. "13 ఎపిసోడ్లు ఒప్పుకుంటే పండగ" అన్నారు. 13 అంటే మూడు నెలల వారాలు, అప్పటి సీరియళ్లకి అదే కొలత. మధ్యలో కడుపు నింపింది డాక్యుమెంటరీలు. చిన్న మొత్తాల పొదుపు మీద ఒకటి, గింజల నిల్వ మీద ఒకటి, గుడ్లు తినమని ఒకటి. 16 ఎంఎం ఫిల్ము 400 అడుగుల డబ్బా 11 నిమిషాలు తిరుగుతుంది. గుడ్ల సినిమాకి అలాంటివి మూడు ఇచ్చారట. అందులో ఒకటి పూర్తిగా ఒక కోడి మింగేసింది, గూట్లోంచి బయటికి రానే రాలేదు. చెబుతూ చెబుతూ ఇప్పటికీ ఆ కోడి మీద కోపం తెచ్చుకున్నారు.

బొమ్మ కూడా మనదే అయిన సందర్భం ఒకటి ఉంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న 1980ల్లో, పల్లెటూరి ప్రాథమిక బడుల కోసం వీడియో పాఠాలు తయారు చెయ్యమని బాపు, రమణలని అడిగారు. వాళ్లు చేశారు. 'బాల'లో తొలి కథ అచ్చయిన కుర్రాడు నలభై ఏళ్ల తర్వాత పిల్లలకి పాఠం రాశాడు. పక్కన ఉన్నది గీత గీసే చెయ్యీ, కెమెరా పెట్టే చెయ్యీ ఒకటే అయిన మనిషి. రేడియో అన్నయ్య వేసిన విత్తనం తిరిగి తిరిగి బడికే చేరింది. కాకపోతే ఆ పని వాళ్లని వెతుక్కుంటూ వచ్చింది సినిమాల్లో సంపాదించిన పేరు వల్ల. పిల్లల పనితో మొదలుపెట్టి, పిల్లల పనితోనే అంత ఎత్తుకి ఎదగాలనుకున్న కుర్రాడికి అప్పుడు దారి లేదు. ఇప్పుడైనా ఉందని నేననుకోను.

ప్రైవేటు చానళ్లొచ్చాక టీవీ పెట్టుకునే హక్కు వచ్చింది గానీ లెక్క మారలేదు. చెన్నైలో ఉండే సన్ నెట్‌వర్క్ 2007లో తమిళంలో చుట్టి టీవీ, 2009లో తెలుగులో ఖుషీ టీవీ పెట్టింది. తెలుగు పిల్లలకి రోజంతా నడిచే చానలు చెన్నై నుంచి! అందులో ఎక్కువ భాగం బయట కొన్న కార్టూన్లే. తప్పుపట్టడానికి లేదు, వేళ్ల మీద లెక్కపెట్టండి. సెకనుకి 12 బొమ్మలు గీస్తే చాలనుకున్నా, 22 నిమిషాల కార్టూనుకి 15,840 బొమ్మలు కావాలి. అదే 22 నిమిషాలకి తెలుగు చెప్పాలంటే నలుగురైదుగురు గొంతులు, ఒక గది, ఒకటి రెండు రోజులు. డబ్బు పెట్టేవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పాలా?

తర్వాత యూట్యూబ్ ఆశ పెట్టింది. ఇక్కడి తెలుగు కుర్రాళ్లు కొందరు రైమ్స్, కథలు సొంతంగా బొమ్మలు వేసి పెట్టారు. 2019లో పిల్లల సమాచారం సేకరించిన కేసులో ఆ కంపెనీ అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2020 జనవరి నుంచి పిల్లల వీడియోల మీద చూసేవాడిని బట్టి వేసే ప్రకటనలు ఆగిపోయాయి. పిల్లలకి మేలే. బొమ్మలు గీసేవాడి చేతికొచ్చేది మాత్రం తగ్గింది.

మళ్లీ సాలిగ్రామానికి వస్తాను. తెర మీద పిల్లాడు నల్లటి ఆకు చుట్టిన తెల్లటి ముద్ద తింటున్నాడు. హిందీ నుంచి వచ్చిన స్క్రిప్టులో అది లడ్డూ. పెద్దాయన కొట్టేసి "అన్నం ముద్ద" అని రాశారు. వెంటనే చిక్కు. తెర మీద పిల్లాడు నోరు మూసి తెరుస్తున్నాడు, "అన్నం" మొదట్లో పెదవులు కలవవు. ప, బ, మ కావాలి. కాసేపు తన పెదవులే కలిపి విప్పి చూసుకుని, "అబ్బ, ముద్ద!" అన్నారు. కుదిరింది.

పిల్లాడి గొంతు చెబుతున్నది నలభై దాటిన ఒక అక్క. పిల్లల చేత చెప్పించవచ్చు. కానీ 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం కలెక్టరు అనుమతి కావాలి, రోజుకి 5 గంటలు మించకూడదు, వచ్చిన డబ్బులో 20 శాతం పిల్లాడి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. మంచి నిబంధనలే, ఒక్క మాట కోసం అంత తిరగడం కష్టం. అందుకని అక్క.

ఆ రోజు మాత్రం పెద్దాయన మనవడు సెలవులకి తాత వెంట వచ్చాడు. తొమ్మిదేళ్లవాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి బళ్లో తమిళం తప్పనిసరి, తెలుగు అక్షరాలు దిద్దించే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు. "తాతా, నేనొక్కటి చెప్పనా" అని గోల పెడితే, సరదాకి, రికార్డు ఆపేసి మైకు ముందు నిలబెట్టారు. స్క్రిప్టులో ఒక వాక్యం తమిళ లిపిలో రాసిచ్చారు. వాడు ధీమాగా చదివాడు: "పండి నాకు ఇవ్వరా!"

రాసింది 'బండి' అని, కానీ తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. పెద్దాయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ అక్షరం కింద చుక్క పెట్టారు. "చుక్క ఉంటే బ, లేకపోతే ప. ఏదీ, మళ్లీ చెప్పు కన్నా."